బండి తీయగానే మనకు కావలసిన మోడ్‌లోనే ఉండాలంటే

రాయగడలో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. ఒకప్పుడు సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, హెడ్‌లైట్ వైరింగ్, ఇవే పని. ఇప్పుడు సగం మంది స్క్రీన్ మీది గొడవలు పట్టుకొస్తున్నారు. అందులో పెద్దది కార్లలో డ్రైవ్ మోడ్‌ల గొడవ. ఎకో అంటే పొదుపుగా, నార్మల్ అంటే మామూలుగా, స్పోర్ట్ అంటే చురుగ్గా, బండి ఎలా నడవాలో మనం ఎంచుకునేవే ఈ మోడ్‌లు. కొత్త బండి కొని, మజ్జిగౌరమ్మ గుడిలో పూజ చేయించి, నెల తిరక్కుండానే వస్తారు. "ఏటి బాబూ ఇది, రాత్రి ఎకోలో పెట్టి ఆపాను, పొద్దున్న తీసేసరికి మళ్ళీ నార్మల్‌కి వచ్చేసింది. రోజూ నొక్కుకోవాలా?" అని. కొరాపుట్ ఘాట్ ఎక్కి దిగేవాళ్ళ బాధ ఇంకో రకం. స్పోర్ట్‌లో పెడితే నిలవదు, లక్ష్మీపురంలో టీ తాగి వచ్చేలోపే పోతుంది.

దీనికి దారులున్నాయి. కాకపోతే చాలామంది ఆన్‌లైన్‌లో ఏదో చిన్న డబ్బా కొనేసి, చేత్తో పట్టుకొచ్చి "ఇది బిగించెయ్" అంటారు. మోడ్‌ను గుర్తుంచుకునే సౌకర్యం బండిలోనే ఉందో లేదో చూడరు. అందుకని నేను షాపులో ఏ వరసలో చూస్తానో అదే వరసలో చెబుతాను. డబ్బు ఖర్చు లేనివి ముందు, కప్లర్లు, అంటే తీగలను కలిపే ప్లగ్గులు, పీకే పని చివర.

ముందు మీ బండి ఏం చేస్తోందో కనిపెట్టండి

అన్ని మోడ్‌లకూ ఒకే పద్ధతి ఉంటుందనుకోవద్దు. ఎకోను గుర్తుపెట్టుకుని స్పోర్ట్‌ను మాత్రం వదిలేసే బండ్లున్నాయి. ఏ మోడ్‌లో ఆపినా నార్మల్‌లోనే లేచేవి ఉన్నాయి. ఐదు నిమిషాల్లో మళ్ళీ తీస్తే పాత మోడ్‌లోనే ఉండి, రాత్రంతా ఆపితే మర్చిపోయేవీ ఉన్నాయి.

ఈ మూడో రకమే జనాన్ని బాగా తికమక పెడుతుంది. ఇగ్నిషన్ ఆపగానే బండిలోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా పడుకోవు. దిగి, తలుపులు లాక్ చేశాక, కొంతసేపటికి ఒక్కొక్కటిగా నిద్రలోకి వెళ్తాయి. అవి మెలకువగా ఉన్నంతసేపు మీరు పెట్టిన మోడ్ తాత్కాలిక మెమరీలో ఉంటుంది. పడుకున్నాక, చెరగని మెమరీలో రాసిపెట్టుకున్నదే మిగులుతుంది. పెట్రోల్ బంకు దగ్గర ఆపి తీసి "గుర్తుంది గురువుగారూ" అంటే ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

సరైన పరీక్ష ఇలా. సాయంత్రం ఇంటికి చేరాక ఎకోలో పెట్టి ఆపండి. దిగి, లాక్ చేసి, తాళం ఇంట్లో బండికి దూరంగా పెట్టండి. బటన్ స్టార్ట్ బండ్లలో తాళం దగ్గరలో ఉంటే కొన్నిటికి సరిగ్గా నిద్ర పట్టదు. పొద్దున తీసి ఏ మోడ్ చూపిస్తోందో కాగితం మీద రాసుకోండి. మర్నాడు స్పోర్ట్‌తో, ఆ తర్వాత మిగిలిన వాటితో. రెండో తాళం ఉంటే దానితోనూ ఒకసారి చూడండి. ఈ కాగితం తర్వాత చాలా పనికొస్తుంది, పారేయకండి.

ఇక్కడే ఇంకో చిక్కు. కొన్ని బండ్లలో కస్టమ్ అనో, ఇండివిడ్యువల్ అనో ఒక మోడ్ ఉంటుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ 700 డీజిల్‌లో జిప్, జాప్, జూమ్‌తో పాటు కస్టమ్ కూడా ఉంది. స్టీరింగ్ ఎంత బరువుండాలి, ఇంజన్ ఎంత చురుగ్గా ఉండాలి అని మనమే కూర్చుకోవచ్చు. ఆ కూర్పు పోదు. కానీ బండి ఆ మోడ్‌లోనే స్టార్ట్ అవుతుందని దాని అర్థం కాదు. పోపుల డబ్బా సర్దిపెట్టుకున్నంత మాత్రాన అది తనంతట తానే పొయ్యి పక్కకు రాదు కదా. ఆ మోడ్‌కి మీరు వెళ్ళాలి, వెళ్ళాక మీ సెట్టింగులు అక్కడ ఉంటాయి. "సేవ్ చేశాను, అయినా రాలేదు" అనేవాళ్ళలో చాలామంది సేవ్ చేసింది ఈ కూర్పునే.

కంపెనీ కావాలనే మర్చిపోనిస్తుంది

ఇది చెబితే ఎవరూ నమ్మరు. యూరప్‌లో 2017 నుంచి కొత్త మోడళ్ళకు డబ్ల్యూఎల్‌టీపీ అనే పరీక్ష పెట్టారు. పొగ ఎంత, ఇంధనం ఎంత తాగుతుంది అని కొలిచే పరీక్ష. అందులో ఒక నియమం ఉంది. ఇంతకుముందు ఏ మోడ్‌లో ఆపినా సరే, బండి ఆన్ చేసిన ప్రతిసారీ తప్పకుండా వచ్చే మోడ్ ఒకటే ఉండి, దాన్ని మార్చుకునే వీలు మనకు లేకపోతే, కొలతలు ఆ ఒక్క మోడ్‌లో తీస్తే సరిపోతుంది. అలాంటి మోడ్ లేదనుకోండి, తక్కువ తాగే మోడ్‌లోనూ ఎక్కువ తాగే మోడ్‌లోనూ రెండింట్లోనూ కొలవాలి. కంపెనీకి ఏది లాభమో వేరే చెప్పాలా? సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగిపోయే ఐడిల్ స్టాప్‌ను మీరు ఎన్నిసార్లు ఆఫ్ చేసినా మళ్ళీ ఆన్‌లోకి వచ్చేయడం వెనక కూడా ఇలాంటి లెక్కే ఉంది.

బండి జారి అదుపు తప్పకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ సంగతి వేరు, అది ప్రాణాలతో పని. దాన్ని ఆఫ్ చేసినా మళ్ళీ స్టార్ట్ చేసేసరికి ఆన్‌లోకి రావాలని అమెరికా వాళ్ళ 126వ ప్రమాణంలోనూ, ఐక్యరాజ్యసమితి 140వ నిబంధనలోనూ ఉంది. దీన్ని శాశ్వతంగా ఆఫ్‌లో ఉంచమని ఎవరైనా అడిగితే నేను చేయను. సుంకి ఘాట్‌లో వానలో ఒక్కసారి దిగినవాడు అడగడు కూడా.

బురద, ఇసుక దారుల కోసం ఉండే మడ్, శాండ్ లాంటి టెరైన్ మోడ్‌లు, నాలుగు చక్రాలనూ నెమ్మదిగా బలంగా లాగించే ఫోర్ బై ఫోర్ లో రేంజ్, ఏటవాలు దిగేటప్పుడు వేగాన్ని అదుపులో ఉంచే హిల్ డిసెంట్, ఇవి కూడా గుర్తుండాలని కోరుకోవద్దు. ఎర్రమట్టి బురదలోంచి బయటపడ్డాక తారు రోడ్డు మీద మడ్ మోడ్‌తో పనేముంది? మనం గుర్తుండాలనుకోవలసినవి ఎకో, నార్మల్, స్పోర్ట్, కస్టమ్, ఐడిల్ స్టాప్. అంతే.

స్క్రీన్‌లో వెతకండి

బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి చూడండి. నడుస్తుంటే చాలా బండ్లు సెట్టింగ్స్‌లో కొన్ని పేజీలు తెరవనివ్వవు. వెహికల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డ్రైవ్ మోడ్, డ్రైవింగ్ అసిస్ట్, డ్రైవర్ ప్రొఫైల్ ఈ మూడు చోట్లా వెతకాలి. స్టార్టప్ మోడ్, డిఫాల్ట్ మోడ్, లాస్ట్ మోడ్ అనే మాటల్లో ఏది కనిపించినా మీ పని అయినట్టే. మెయిన్ స్క్రీన్‌లో లేకపోతే స్టీరింగ్ బటన్లతో మీటర్ డిస్‌ప్లేలోని మెనూ కూడా చూడండి. కొన్ని కంపెనీలు అక్కడ దాచిపెడతాయి. మాన్యువల్‌లో అయితే డ్రైవ్ మోడ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఏ మోడ్ వస్తుందో రాసి ఉంటుంది. పెద్దక్షరాలు చదివి మూసేస్తాం గనక ఆ వాక్యం ఎవరి కంటా పడదు.

ప్రొఫైల్ అంటే నడిపేవాళ్ళు ఒక్కొక్కరి పేరు మీద వాళ్ళ సెట్టింగులు విడిగా దాచుకునే ఖాతా. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గుణుపురం నుంచి ఒక బియ్యం వ్యాపారి వచ్చేవారు. బండి ఆయనదే, కానీ పర్లాకిమిడి, పాతపట్నం వసూళ్ళకు కొడుకు తిప్పుతాడు. "అబ్బాయి తీసుకెళ్ళి తెచ్చాక బండి మారిపోతోందయ్యా, ఏసీ కూడా తేడాగా ఉంది" అన్నారు. ఏసీ బాగానే ఉంది. ఎకోలో చాలా బండ్లు ఏసీ కంప్రెసర్‌ను కూడా పొదుపుగా నడుపుతాయి. కొడుకు మైలేజీ కోసం ఎకోలో పెట్టేవాడు, ఆ బండి ఎకోను గుర్తుంచుకునే రకం, తండ్రి అలాగే తీసేవారు. ఇద్దరికీ రెండు ప్రొఫైళ్ళు చేసి, ఏ తాళానికి ఏ ప్రొఫైల్ అని కట్టేశాను. తాళాలకు రెండు రంగుల దారాలు కూడా. రూపాయి సామాను పడలేదు.

ప్రొఫైల్ చేసేటప్పుడు చూసుకోవలసింది ఒకటే. గెస్ట్‌లో ఉండగా మీరు మార్చింది సాధారణంగా నిలవదు. ముందు మీ పేరుతో ప్రొఫైల్ తెరిచి, అందులోకి వెళ్ళాకే మోడ్ మార్చి, ఆ తర్వాత బండి ఆపాలి. ఫోన్ బ్లూటూత్‌ను చూసి ప్రొఫైల్ ఎంచుకునే బండ్లలో, ఇంట్లో ఇద్దరి ఫోన్లూ ఒకేసారి బండి దగ్గరుంటే ముందు కలిసిన ఫోన్‌దే రాజ్యం.

బ్యాటరీ అనుమానం

మోడ్ ఒక్కటే కాక గడియారం, రేడియో స్టేషన్లు, ట్రిప్ మీటర్ కూడా పోతుంటే అది మోడ్ సమస్య కాదు. కరెంటు సమస్య. ఇది నా అసలు వృత్తి గనక నిక్కచ్చిగా చెబుతాను. రాత్రంతా ఆపిన బండికి పొద్దున బానెట్ ఎత్తి మీటర్ పెడితే 12.6 వోల్టులు ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైనట్టే. ఆ క్షణంలో వోల్టేజ్ మరీ పడితే కొన్ని మాడ్యూళ్ళు, అంటే బండిలోని చిన్న కంప్యూటర్లు, రీసెట్ అవుతాయి, మీరు సేవ్ చేసింది తుడిచిపెట్టుకుపోతుంది. స్క్రీన్‌ను ఎన్ని తిప్పలు పెట్టినా లాభం ఉండదు.

బ్యాటరీ బాగుంటే, బండి ఆపాక కూడా మెమరీకి కరెంటు ఇచ్చే బ్యాకప్ ఫ్యూజ్ చూడండి. ఆ తర్వాత, బయట స్టీరియో వేయించారేమో గుర్తు తెచ్చుకోండి. స్టీరియో వైరింగ్‌లో పసుపు తీగకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు తీగకు తాళం తిప్పితేనే రావాలి. హడావిడిలో రెండూ కలిపి ఇగ్నిషన్‌కే ఇచ్చేసే మేస్త్రీలున్నారు. పాట బాగానే వస్తుంది గనక ఎవరూ పట్టించుకోరు. తాళం తిప్పి బండి ఆపగానే ఆ స్క్రీన్ తన జ్ఞాపకమంతా పోగొట్టుకుంటుంది. వెహికల్ సెట్టింగ్స్ ఆ స్క్రీన్‌లోనే ఉండే బండి అయితే అవీ దాంతో పోతాయి.

సర్వీస్ సెంటర్‌లో ఏమని అడగాలి

మన వైపు కొన్ని కంపెనీల బండ్లకు విజయనగరమో బరంపురమో పోక తప్పదు. అంత దూరం పోయి "మోడ్ పోతోంది" అంటే, "అది అంతే సార్, నార్మల్" అని పంపించేస్తారు. వెళ్ళకముందే ఫోన్ చేసి, మీ ఛాసిస్ నంబర్ మీద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా ఉందేమో చూడమనండి. ఇన్ఫోటైన్‌మెంట్ (పాటలు, సెట్టింగులు ఉండే స్క్రీన్), బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, లాకులు చూసుకునేది), ఇంజన్ కంప్యూటర్, మూడింటికీ వెర్షన్లు వేరుగా ఉంటాయి, మూడూ చూడమనండి. జాబ్ కార్డు మీద "ఫలానా మోడ్‌లో ఆపితే ఫలానా మోడ్‌లో స్టార్ట్ అవుతోంది" అని మీ కాగితంలో రాసుకున్నది ఉన్నదున్నట్టు రాయించండి. ఫిర్యాదు అంత స్పష్టంగా ఉంటే అడ్వైజర్ కూడా తేలిగ్గా కొట్టిపారేయలేడు.

కోడింగ్

కోడింగ్ అంటే బండి కంప్యూటర్లలో దాగున్న సెట్టింగులను బయటి నుంచి మార్చి రాయడం. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర అందుకు పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లకు ఓబీడీ-2, అంటే బండి లోపాలను తానే కనిపెట్టి ఈ సాకెట్ ద్వారా చెప్పే పద్ధతి, తప్పనిసరి అయింది గనక దాదాపు అందరికీ ఉన్నట్టే. కోడింగ్ సాధనాలుగా బీఎండబ్ల్యూ, మినీలకు బిమ్మర్‌కోడ్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీలకు వీసీడీఎస్, ఓబీడీ ఎలెవెన్ వాడతారు. ఇలాంటి వాటితో చాలా మోడళ్ళలో ఐడిల్ స్టాప్‌కు చివరి స్థితిని గుర్తుంచుకునేలా రాయవచ్చు, కొన్నిటిలో డ్రైవ్ మోడ్‌కూ వీలుంటుంది. మిగతా కంపెనీల బండ్లకు ఇంత సుఖం లేదు. ఐదారు వందలకు దొరికే ఈఎల్ఎం 327 డాంగిల్, అంటే ఆ సాకెట్‌లో గుచ్చే చిన్న పరికరం, ఫాల్ట్ కోడ్‌లు చదవడానికి బాగుంటుంది గానీ, దాంతో మోడ్‌లు మార్చేయవచ్చని ఎవరైనా వీడియోలో చెబితే నమ్మకండి.

కోడింగ్ చేసేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచండి. ఏసీ, లైట్లు, పాటలు ఆపేయండి. రాస్తున్న మధ్యలో వోల్టేజ్ పడిపోతే మాడ్యూల్ సగం రాసిన పలకై కూర్చుంటుంది, దాన్ని లేపడానికి అయ్యే బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మార్చబోయే విలువకు ముందు ఏముందో బ్యాకప్ తీయండి, ఫోన్‌తో ఫోటో కూడా తీసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక లాక్ చేసి, బండిని పడుకోనిచ్చి, మళ్ళీ తీసి చూడండి. ఎయిర్‌బ్యాగ్, బ్రేక్ మాడ్యూళ్ళ జోలికి పోవద్దు. పని అయ్యాక డాంగిల్ పీకేయడం మర్చిపోకండి. ఆ సాకెట్‌లో పదహారో పిన్నుకు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది, డాంగిల్ రాత్రంతా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. వారంటీలో ఉన్న బండికి మాత్రం నేను కోడింగ్ చేయను, చేయించుకోమని చెప్పను. సర్వీస్‌లో సాఫ్ట్‌వేర్ కొత్తది వేస్తే మీరు రాసింది పోయే అవకాశం కూడా ఉంది.

ఆ చిన్న డబ్బా

మెమరీ మాడ్యూల్ అని అమ్ముతారు. ఐడిల్ స్టాప్‌కు ఎక్కువగా దొరుకుతుంది, డ్రైవ్ మోడ్ బటన్‌కు తక్కువ. అది చేసే పని చాలా తేలిక. బటన్‌కూ దాని వైరింగ్‌కూ మధ్య కూర్చుంటుంది. ఇంజన్ స్టార్ట్ అయ్యాక కొన్ని సెకన్లు ఆగి, మీ వేలు నొక్కినట్టే తానే బటన్ నొక్కుతుంది. బండికి తేడా తెలియదు.

కొనేముందు మీ బటన్ ఏ రకమో తెలియాలి. నొక్కినంతసేపు తీగను ఎర్త్‌కు కలిపి వదిలేసే మామూలు బటన్ అయితే మాడ్యూల్ హాయిగా పని చేస్తుంది. కొన్నిటిలో ఒకే తీగ మీద నాలుగైదు బటన్లుంటాయి, ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్. వాటికి ఆ బండి కోసమే చేసిన మాడ్యూల్ కావాలి. లిన్ లైను, అంటే కంప్యూటర్ల మధ్య సమాచారం నడిచే తీగ, మీద డేటా పంపే బటన్ అయితే మామూలు మాడ్యూల్ దండగ. మీటర్ పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, మీ ఊరి ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

రెండో విషయం మీ కాగితం చూసి తేల్చుకోవాలి. బండి ఎప్పుడూ నార్మల్‌లోనే లేస్తుంటే, "ఒకసారి నొక్కితే స్పోర్ట్" అన్న లెక్క రోజూ సరిపోతుంది. అదే ఎకోను గుర్తుంచుకునే బండి అయితే, ఎకోలో ఆపిన మర్నాడు మాడ్యూల్ నొక్కే ఒక్క నొక్కుకి నార్మల్ వస్తుంది. మీరు స్పోర్ట్ అనుకుని లారీని దాటబోతారు. అలాంటి బండికి, ప్రస్తుతం ఏ మోడ్‌లో ఉందో చదివి నొక్కే మాడ్యూల్ అయితేనే పెట్టండి. లేదంటే మానేయండి.

బిగించేటప్పుడు తీగ కోయించకండి. కప్లర్‌కు కప్లర్ సరిపోయేది తీసుకోండి, ఎప్పుడైనా పీకేస్తే బండి మళ్ళీ కంపెనీ స్థితికి వస్తుంది. తీగ ఒలిచి టేపు చుట్టిన చోటికి మన వానాకాలపు తేమ చేరితే ఆకుపచ్చ తుప్పు పడుతుంది, ఆ తర్వాత ఫాల్ట్ ఎక్కడుందో వెతకడం నా వంతు. పని మొదలుపెట్టే ముందు ఇగ్నిషన్ ఆపి, బండి పడుకునేదాకా ఆగండి.

ఘాట్‌వాళ్ళకు ఒక మాట. ఆటోమేటిక్ గేర్ల బండిలో స్పోర్ట్ మోడ్ ఎక్కేటప్పుడు మంచిదే, గేరు తొందరగా పైకి మారకుండా పట్టుకుంటుంది. దిగేటప్పుడు మాత్రం దాని మీద ఆధారపడకుండా లీవర్‌ను మాన్యువల్‌లోకి లాగి రెండో గేరో మూడో గేరో మీరే ఎంచుకోండి. ఇంజన్ పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు. ఇక పుష్యమాసపు చలిలో పొట్టంగి, సెమిలిగుడ వైపు తెల్లవారుజామున బండి తీసేవాళ్ళు, మాడ్యూల్ స్పోర్ట్‌లో పెట్టేసింది కదా అని వెంటనే తొక్కకండి. ఆయిల్ వేడెక్కేదాకా కొన్ని నిమిషాలు నెమ్మదిగా పోనివ్వండి.

బ్యాటరీ మార్చినా, విప్పి బిగించినా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించినా రాత్రి పరీక్ష మళ్ళీ ఒకసారి చేయండి. నా షాపుకు వచ్చేవాళ్ళయితే రెండు తాళాలూ, మాన్యువల్, ఆ కాగితం తెచ్చుకోండి. ఆదివారం గుడి రద్దీకి ఆ రోడ్డులో బండి నిలపడానికి చోటుండదు, వారం మధ్యలో రండి.